రోడ్ రాష్, క్రికెట్ 07, మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్, క్లా: ఎక్కడా అమ్మని ఈ ఆటల్లో ఏది మేలు?

మా అక్క కొడుకు వేసవి సెలవులకి మా ఇంటికొచ్చాడు, పదేళ్లవాడు. రెండో రోజే "మావయ్యా, నువ్వు చిన్నప్పుడు ఆడిన గేమ్స్ నాకూ పెట్టవా" అన్నాడు. చిన్న మాటే గానీ నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది, ఎందుకంటే నేను మా విశాఖలో మద్దిలపాలెం దగ్గర నెట్ సెంటర్లో గంటకి 20 రూపాయలిచ్చి ఆడినవాటిలో చాలావరకు ఇప్పుడు ఎక్కడా అమ్మడం లేదు. కంప్యూటర్ ఆటలు ఆన్‌లైన్లో అమ్మే దుకాణాలు స్టీమ్‌లో వెతికాను, జీఓజీలో వెతికాను, లేవు. ప్రాజెక్ట్ ఐజీఐ లాంటి కొన్నింటికి అదృష్టం కలిసొచ్చి జీఓజీలో పెట్టారు, కొనుక్కుంటే పని అయిపోతుంది. మిగతావాటికి డబ్బులు పట్టుకుని నిలబడ్డా తీసుకునే మనిషి లేడు. 2023 జులైలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అని అమెరికాలో ఒక సంస్థ లెక్క తీస్తే, 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్‌లో లేవని తేలింది. ఆ అంకె చదివాక మా పాత సీడీల పౌచ్ ఎక్కడుందా అని ఇల్లంతా వెతికాను.

పౌచ్ దొరికింది, కానీ దొరికిన తీరు చూస్తే బాధేసింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా గది కిటికీ అద్దాలు పగిలి బీరువా మీదున్న సామానంతా తడిసింది, అందులో ఇదీ ఉంది. అప్పుడు ఎండలో ఆరబెట్టి మళ్లీ పైన పడేశాం. అసలే మనది ఉప్పుగాలి ఊరు. మొన్న తీస్తే జిప్ తుప్పు పట్టి సగంలో ఆగిపోయింది, లోపలి ప్లాస్టిక్ కవర్లు సీడీలకి అతుక్కుపోయాయి, మెల్లగా ఊడదీస్తుంటే వెండి పొర పెచ్చులు పెచ్చులుగా కవర్‌తో పాటే లేచిపోయింది. ఒక్కోదాన్ని ట్యూబ్‌లైట్‌కి అడ్డంపెట్టి చూశాను. పొర పోయినచోట సూది బెజ్జాల్లా వెలుతురు కనిపిస్తుంది. అవి బయటి అంచున ఒకటీ రెండూ ఉంటే కొంత ఆశ ఉన్నట్టే, లోపలి రింగు దగ్గరుంటే మాత్రం డ్రైవ్ ఆ సీడీని గుర్తించను కూడా గుర్తించదు. ముప్పై చిల్లర సీడీల్లో చదవగలిగినవి తొమ్మిది మిగిలాయి. బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్‌ని 2001లో నేవీ పక్కన పెట్టాక 2002లో ఇసుక మీద మ్యూజియంగా నిలబెట్టారు, ఇన్నేళ్లుగా అదే గాలిని తట్టుకునేలా కాపాడుకుంటూ వస్తున్నారు. ఈ ఆటలకి అలాంటి ఏర్పాటు లేదు, ఎవరి బీరువా మీద ఏముంటే అదే మిగిలినట్టు.

ఇక ఏ ఆట బతికించాలన్నది. అన్నీ పెట్టాలంటే ఓపిక చాలదు, కొత్త విండోస్‌లో ఒక్కోదానికి ఒక్కో పేచీ. అందుకని ఒకే కొలత పెట్టుకున్నాను: ఈ ఆట ఇచ్చే ఆనందం ఇప్పుడు అమ్ముతున్న ఇంకో ఆటలో దొరుకుతుందా? దొరికితే ఆ కొత్తది కొనుక్కోవడమే మేలు, దొరక్కపోతేనే ఈ శ్రమంతా పడాలి.

ముందు రోడ్ రాష్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే పాత గేమ్ అనగానే నా వయసు వాళ్లు పదిమందిలో ఎనిమిదిమంది దీని పేరే చెప్తారు. 1991లో సెగా అనే టీవీ గేమ్ కన్సోల్ కోసం మొదలైన ఆట, మనం ఆడింది 1996లో పీసీకి వచ్చినది. పక్క బైకువాడు గొలుసు ఎత్తినప్పుడు సరిగ్గా ఆ క్షణంలో కొడితే గొలుసు మన చేతికొచ్చేస్తుంది, ఆ తర్వాత వాడి పని వాడి గొలుసుతోనే. ఆ సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు. మెనూలో సౌండ్‌గార్డెన్ పాటలు వచ్చేవి. ఇలాంటి ఆటని తిరిగి అమ్మాలంటే ఆ పాటల హక్కులు కూడా మళ్లీ మాట్లాడుకోవాలి, అది చిన్న పని కాదు. కానీ నిజం చెప్పాలంటే ఇప్పుడు కూర్చుని ఆడితే అరగంటలో అయిపోతుంది. 640 బై 480 చుక్కల మసక బొమ్మ, అయిదే దారులు, స్థాయి పెరిగేకొద్దీ అవే దారులు ఇంకాస్త పొడుగవుతాయి. మావాడు మూడు రేసులు ఆడి "ఇంకోటి పెట్టు" అన్నాడు. పైగా దీని స్ఫూర్తితోనే చేసిన రోడ్ రిడెంప్షన్ 2017 నుంచి స్టీమ్‌లో ఉంది, ఒకే స్క్రీన్‌ని నలుగురు పంచుకుని ఆడొచ్చు. బైకు మీద తన్నులాటే కావాలంటే అది కొనుక్కోండి. రోడ్ రాష్ మీద నాకున్న ప్రేమ వేరు, దానికోసం రెండు రాత్రులు మేలుకోమని ఇంకొకరికి చెప్పలేను.

క్రికెట్ 07 దగ్గర నిర్ణయం అంత తేలిగ్గా రాలేదు. 2006 నవంబర్‌లో వచ్చింది, ఈఏ స్పోర్ట్స్ చేసిన చివరి క్రికెట్ ఆట అదే. అంతకు ఏడాదిన్నర ముందు, 2005 ఏప్రిల్ 5న మన పీఎం పాలెం స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ మూడో నంబర్లో దిగి 123 బంతుల్లో 148 కొట్టాడు. ఆ వేడి ఊళ్లో ఇంకా చల్లారకముందే ఈ ఆట చేతికొచ్చింది, కాబట్టి మా వీధిలో ఎవరు ఆడినా ధోనీ మూడో నంబర్లోనే దిగేవాడు, ఇంకో మాట లేదు. కామెంటరీ రిచీ బెనో, మార్క్ నికోలస్. బెనో 2015లో పోయారు, ఇప్పుడు మళ్లీ ఆయన గొంతు వింటే ఒక్క నిమిషం ఆట ఆపి కూర్చుండిపోయాను.

దీన్ని కంపెనీ వదిలేసినా అభిమానులు వదల్లేదు. ఐపీఎల్ మొదలైంది 2008లో, ఆట వచ్చింది 2006లో, అయినా ఈ ఆటలో ఐపీఎల్ జట్లున్నాయి, కొత్త జెర్సీలున్నాయి, అన్నీ జనం కూర్చుని చేసి ఉచితంగా పంచిన ప్యాచ్‌లే, అంటే ఆటకి కలుపుకునే అదనపు ఫైళ్లు. గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్‌లో కూడా గడగడా నడుస్తుంది. మా బావ వచ్చినప్పుడు ఇద్దరం ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అయిదు ఓవర్ల మ్యాచ్‌లు తెల్లారేదాకా ఆడాం. కానీ నా కొలత ప్రకారం చూస్తే క్రికెట్ 24 అమ్మకంలో ఉంది, 2023లో వచ్చింది, బొమ్మ ఎంతో బాగుంటుంది. ఖరీదెక్కువ, దానికి తగ్గ సిస్టమ్ కావాలి, అంతే. అదీగాక 07లో కంప్యూటర్‌తో ఒక్కరే ఆడితే కొన్నాళ్లకి కిటుకు దొరికిపోతుంది, ఒకే షాట్‌తో ఓవర్‌కి నాలుగు సిక్సులు పడతాయి, ఇంక సరదా ఉండదు. పక్కన మనిషి ఉంటేనే దీని అసలు రుచి.

ఇప్పుడు మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్. 1999లో మైక్రోసాఫ్ట్ అమ్మింది, చేసింది ఏంజెల్ స్టూడియోస్, తర్వాత 2002లో రాక్‌స్టార్ శాన్ డియేగోగా మారినవాళ్లు వీళ్లే. ఊరు షికాగో. అందులో రేసులున్నాయి, గడియారంతో పరుగులున్నాయి, కానీ నేను మాట్లాడేది క్రూజ్ గురించి. క్రూజ్‌లో ఏ పనీ ఉండదు. బండి తీసి ఊళ్లోకి వెళ్లడమే. సియర్స్ టవర్ కింద నుంచి పోవచ్చు, పైన వంతెన మీద రైలు పోతుంటే దాని కింద దూరొచ్చు. ట్రాఫిక్ లైటు ఎర్రబడితే మిగతా కార్లన్నీ ఆగుతాయి, మనం ఆగితే ఆగొచ్చు, లేకపోతే లేదు. ఎంత ట్రాఫిక్ ఉండాలి, ఎంతమంది పోలీసులు ఉండాలి, వానా మంచా, పగలా రాత్రా, అన్నీ మనమే పెట్టుకోవచ్చు. ఫుట్‌పాత్ మీదకి బండి ఎక్కించినా జనం పక్కకి దూకేస్తారు, ఒక్కరికీ దెబ్బ తగలదు. పదేళ్ల పిల్లాడికి ఇవ్వడానికి ఇంతకంటే ఏం కావాలి.

మావాడు అన్ని కార్లనీ వదిలేసి సిటీ బస్సు తీసుకున్నాడు. షికాగో నది మీద వంతెనలు పడవల కోసం మధ్యలో విడిపోయి పైకి లేస్తాయి. అలా లేస్తున్న వంతెన మీదకి ఆ బస్సుని పూర్తి స్పీడులో ఎక్కించాడు. మొదటిసారి ముందు చక్రాలు అవతలి అంచుకి తగిలి బస్సు నదిలోకి జారిపోయింది. రెండోసారి ఇంకా వెనక నుంచి వచ్చాడు, ఎదురొచ్చిన రెండు కార్లని రాసుకుంటూ. మూడోసారి దాటింది. కిందపడ్డాక బస్సు ఒక పక్కకి ఒరిగి, పడిపోతుందా అన్నంతగా ఊగి, మళ్లీ నిలబడింది, మావాడు కుర్చీలోంచి లేచి "చూశావా మావయ్యా" అని అరిచాడు. అప్పట్లో మద్దిలపాలెంలో నేనూ సరిగ్గా ఆ వంతెననే అదే బస్సుతో దాటి, పక్క సిస్టమ్‌లో ఆడుతున్న స్నేహితుడిని భుజం పట్టి లాగి చూపించాను. ఆ సెంటర్లో అయిదు సిస్టమ్‌లు కలిపి దొంగా పోలీసు ఆట ఆడేవాళ్లం, బంగారం ఎత్తుకుని ఒకడు పారిపోతే మిగతావాళ్లు వెంటబడటం.

ఇలాంటిది ఇప్పుడు లేదా అంటే, ఊళ్లో తిరిగే కారు ఆటలు చాలా ఉన్నాయి, నేనూ ఆడాను. వాటిలో బండి ఎక్కిన దగ్గర్నుంచీ పాయింట్లు, అప్‌గ్రేడ్‌లు, మ్యాప్ నిండా గుర్తులు, ఇది చెయ్యి అది చెయ్యి అని ఒకటే పోరు. లేదంటే తుపాకులు. మామూలు ఊరు, మామూలు ట్రాఫిక్, ఒక సిటీ బస్సు, ఎవరికీ ఏమీ కాదు, నీ ఇష్టం వచ్చినట్టు తిరుగు అనే ఆట నాకు దొరకలేదు. 2000లో రెండోది వచ్చింది, లండన్, శాన్‌ఫ్రాన్సిస్కో, అదీ బాగుంటుంది, అయితే నా ఓటు మొదటిదానికే.

క్లా మాత్రం మా పౌచ్‌లో బతకలేదు, గాజువాకలో స్నేహితుడి దగ్గర డిస్క్ ఉంటే వెళ్లి తెచ్చుకున్నాను. 1997, మోనోలిత్ వాళ్లది. పిల్లి కెప్టెన్, కుక్కల సైన్యం, తొమ్మిది మణుల కోసం వేట, మొత్తం 14 లెవెల్స్, మొదటిది లా రోకా జైలు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి "ఏటిరా ఇది, పిల్లి కత్తి తిప్పుతోంది" అని పది నిమిషాలు నిలబడి చూసింది. చేత్తో గీసిన బొమ్మలు కాబట్టి పాతబడ్డట్టు కనిపించదు, రోడ్ రాష్ మాదిరిగా కళ్లకి శ్రమ లేదు. కష్టం మాత్రం చాలా కష్టం, ఒక గెంతు తప్పితే ముళ్ల మీద. మావాడికి రెండుసార్లు కళ్లలో నీళ్లొచ్చాయి, అయినా వదల్లేదు. ఇలా గెంతుకుంటూ పోయే ఆటలు ఇప్పుడూ బోలెడున్నాయి కాబట్టి కొలత ప్రకారం ఇది మిడ్‌టౌన్ తర్వాతే, కానీ పిల్లలు ఒక్కళ్లే కూర్చుని ఆడతారంటే క్రికెట్ 07 కంటే ముందు దీన్నే పెడతాను.

అదే మోనోలిత్ 2000లో నో వన్ లివ్స్ ఫరెవర్ అని ఒక ఆట చేసింది, 1960ల నాటి గూఢచారిణి కథ. దాని హక్కులు వార్నర్, యాక్టివిజన్, ఫాక్స్ మధ్య చిక్కుకున్నాయి. పాత ఆటలని బాగుచేసి అమ్మే నైట్ డైవ్ వాళ్లు 2014 ప్రాంతంలో దీన్ని తిరిగి తేవాలని చాలా తిరిగి, పని కాక వదిలేశారు. 2025 ఫిబ్రవరిలో వార్నర్ మోనోలిత్ స్టూడియోనే మూసేసింది. ఆ వార్త వచ్చిన రోజు నాకు అన్నం సయించలేదు.

పని విషయానికొస్తే, ఒరిజినల్ డిస్క్ చేతిలో ఉన్నా నడవకపోవచ్చు. 2000ల నాటి చాలా డిస్కుల్లో సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉంది, 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ దానికి తలుపు మూసేసింది. ఇంకా పాతవాటి ఇన్‌స్టాలర్లు 16 బిట్‌వి అయితే 64 బిట్ విండోస్‌లో కదలవు. మిడ్‌టౌన్‌కి ఓపెన్1560 అని అభిమానులు చేసినది ఉంది, మన డిస్కులోని ఫైళ్లు ఇస్తే కొత్త సిస్టమ్‌లో హాయిగా నడిపిస్తుంది. క్లాకి ఓపెన్‌క్లా ఉంది, దానికీ ఒరిజినల్ ఫైలు కావాలి. బొమ్మ చెదిరిపోతే పాత ఆటల గ్రాఫిక్స్‌ని కొత్త విండోస్‌కి కుదిర్చే డీజీవూడూ2 అనే ప్రోగ్రామ్ పెట్టి చూడండి, నాకు చాలాసార్లు అదే పనిచేసింది.

డిస్క్ లేనివాళ్లు అబాండన్‌వేర్ అని, అంటే కంపెనీ వదిలేసిన సాఫ్ట్‌వేర్ అని వెతుకుతారు. ఆ మాటకి చట్టంలో చోటు లేదు. అమ్మడం మానేసినంత మాత్రాన కాపీరైట్ పోదు, మన దేశంలో కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని సాహిత్య రచనతో సమానంగా చూస్తారు, రక్షణ 60 ఏళ్ల లెక్కలో ఉంటుంది. కానీ చట్టబద్ధంగా కాపీ ఉన్నవాడు పాడైపోతుందన్న భయంతో దానికి బ్యాకప్ తీసుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. అందుకే పాత డిస్క్ ఎవరి దగ్గరైనా ఉందేమో ముందు అడగండి. నేను తొందరపడి ఒక సైట్ నుంచి దించిన ఇన్‌స్టాలర్‌తో బ్రౌజర్ మొత్తం ప్రకటనలతో నిండిపోయి విండోస్ మళ్లీ వేయించాల్సి వచ్చింది, ఆ సాయంత్రం అలాగే పోయింది.

మిగిలిన తొమ్మిది డిస్కులకీ ఐఎస్ఓలు, అంటే డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసిన కాపీలు తీసి ఒకటి హార్డ్‌డిస్క్‌లో, ఇంకోటి హైదరాబాద్‌లో అక్క ఇంట్లో పెట్టాను. మిడ్‌టౌన్ డిస్క్ 83 శాతం దగ్గర రెండుసార్లు ఆగింది, మెత్తటి బట్టతో లోపలి నుంచి బయటికి తుడిచి, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ని కాస్త చల్లారనిచ్చి పెడితే మూడోసారి పూర్తయింది. మావాడు వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో అదే పట్టుకెళ్లాడు.