సెక్యూరిటీస్ లా బోధించాలంటే: ముందు పీహెచ్‌డీయా, ముందు ఉద్యోగమా?

ఎల్‌ఎల్‌ఎం పూర్తయ్యే సమయానికి ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరు ముగ్గురు వచ్చి ఇదే అడుగుతారు: "సార్, సెక్యూరిటీస్ లా (షేర్ మార్కెట్ చట్టాలు) టీచింగ్‌లోకి రావాలని ఉంది. వెంటనే పీహెచ్‌డీలో చేరమంటారా, నాలుగేళ్లు పనిచేసి రమ్మంటారా?"

వెంటనే చేరితే చదివే అలవాటు పోదు. జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్ష ద్వారా వచ్చే పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు అందుతాయి. దానికి వయోపరిమితి ఉంది కాబట్టి తొందరపడటంలో అర్థముంది. ఇంటి బాధ్యతలున్నవాళ్లకు ఈ డబ్బు చిన్న విషయం కాదు.

అయినా నేను పనిచేసి రమ్మనే చెబుతాను. సత్యం కేసే చూడండి. 2009 జనవరిలో కంపెనీ లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. ఆడిటర్ ప్రైస్ వాటర్‌హౌస్ మీద షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రెండేళ్ల నిషేధం పెట్టింది 2018 జనవరిలో. 2019 సెప్టెంబర్‌లో శాట్ (సెబీ ఆర్డర్ల మీద అప్పీళ్లు వినే ట్రిబ్యునల్) ఆ నిషేధాన్ని కొట్టేసింది. మోసంలో చేతులు కలిపినట్టు రుజువు కాలేదనీ, ఆడిట్ నాణ్యతను చూడాల్సింది చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ అనీ చెప్పింది. ఇంతవరకూ తీర్పు చదివితే ఎవరికైనా తెలుస్తుంది. మరి మధ్యలో ఆ తొమ్మిదేళ్లూ ఏం జరిగింది? అసలు నోటీసు ఇచ్చే అధికారం సెబీకి ఉందా అన్న దగ్గరే ఆడిటర్లు బాంబే హైకోర్టు దాకా వెళ్లారు. పత్రాలు ఇవ్వమని అడగడం, సాక్షుల్ని క్రాస్ ఎగ్జామిన్ చేస్తామనడం, వాయిదాలు: ఇలాంటి కేసులు నడిచేది వీటి మీదే. షోకాజ్ నోటీసులో మోపని ఆరోపణ మీద ఆర్డర్ ఇస్తే అప్పీల్లో నిలవదు. అంటే కేసు బలం చాలావరకు నోటీసు రాసిన రోజే తేలిపోతుంది. ఒక్క నోటీసుకైనా జవాబు తయారుచేసినవాళ్లు క్లాసులో ఈ సంగతి చెప్పే తీరే వేరు. ఇక తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా డబ్బు కట్టి సెటిల్ చేసుకునే కేసుల్లో బేరం ఎలా సాగిందో ఆర్డర్ చదివితే తెలియదు.

ఎక్కడ పనిచేయాలి? నా ఓటు ముంబైలో శాట్ ముందు వాదించే న్యాయవాది ఆఫీసుకు. మొదట్లో చేతికొచ్చేది తక్కువే, కానీ సెబీ వాదన, కంపెనీ వాదన రెండూ రోజూ వినొచ్చు. సెబీలో లీగల్ ఆఫీసర్ ఉద్యోగం కూడా మంచిదే. కాకపోతే అంత స్థిరమైన జీతం వదులుకుని చదువుకు తిరిగొచ్చేవాళ్లు తక్కువ. నాకు టెన్షన్ అక్కడే.

అందుకే వెళ్లేముందు నెట్ రాసి వెళ్లమంటాను. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయోపరిమితి లేదు, ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది.

విదేశీ ఎల్‌ఎల్‌ఎం స్కాలర్‌షిప్ వస్తే వెళ్లండి, అప్పు చేసి వద్దు. ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌కు (వృత్తి అనుభవంతో ఇచ్చే బోధన పోస్టు) 15 ఏళ్ల అనుభవం కావాలి, అదీ కొన్నేళ్ల కాంట్రాక్టే.

నా విద్యార్థిని ఒకామె నెట్ పాసై ముంబై వెళ్లి, మూడేళ్లకు పీహెచ్‌డీ ప్రతిపాదనతో తిరిగొచ్చింది. ఆమె అంశం: సెబీ దర్యాప్తు మొదలయ్యాక నోటీసు చేతికి రావడానికి ఎందుకంత ఆలస్యమవుతోంది? క్లాసులో కూర్చున్నన్నాళ్లూ ఈ ప్రశ్న ఆమెకు తట్టలేదట.