ఒకే నది, రెండు ఊళ్ళు: పార్కుకు ఒకే పేరు మేలా?

నది ఒడ్డు పార్కులో బోర్డు మీద గీసిన మ్యాపును ఒకసారి నిలబడి చూడండి. నడక దారి, చెట్లు, బెంచీలు, మరుగుదొడ్లు అన్నీ రంగుల్లో ఉంటాయి. ఊరి పొలిమేర రాగానే రంగు ఆగిపోతుంది, ఆ పైన తెల్లటి ఖాళీయే. అదే దారిన ఇంకో నాలుగడుగులు వేస్తే పక్క ఊరి పార్కు వస్తుంది. అక్కడి బోర్డు మీద ఈ ఊరు తెల్లగా ఉంటుంది.

ఈ ఖాళీని పూడ్చాలంటే ఇరుగు పొరుగు ఊళ్ళ ముందు మూడు దారులున్నాయి. ఎవరి పార్కు వారిది, ఎవరి పేరు వారిది అనుకోవడం ఒకటి. పేరు, బోర్డులు ఉమ్మడిగా పెట్టుకుని ఊడ్పూ తుడుపూ ఎవరివి వారు చూసుకోవడం రెండోది. మొత్తం ఒకే సంస్థ చేతిలో పెట్టడం మూడోది.

మొదటి దాంట్లో సుఖం ఏమిటంటే ఎవరినీ అడగక్కర్లేదు. తంటా అంతా నది దాటేచోట వస్తుంది. అమెరికాలో ఒహాయో నదికి చెరోవైపున్న లూయీవిల్, జెఫర్సన్‌విల్ ఊళ్ళ మధ్య బిగ్ ఫోర్ అనే పాత రైలు వంతెనను నడక వంతెనగా మార్చారు. ఆలోచన ఇద్దరిదీ, కానీ ఎటు వైపు ర్యాంపు అటువాళ్ళే కట్టుకోవాలి. లూయీవిల్ వైపుది 2013 ఫిబ్రవరిలో తెరుచుకుంది, అవతలిది 2014 మేలో. ఆ పదిహేను నెలలూ జనం వంతెన ఎక్కి, అవతలి ఊరిని పైనుంచి చూసి, దిగే దారి లేక వచ్చిన దారినే తిరిగొచ్చారు.

రెండో దారికి నాకు నచ్చిన ఉదాహరణ రైన్ నది మీద ఉంది. ఒక ఒడ్డున ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బుర్గ్, రెండో ఒడ్డున జర్మనీలోని కేల్. 2004లో రెండూ కలిసి ఉద్యాన ప్రదర్శన పెట్టి, దాంతోపాటే రెండు ఒడ్లనూ కలిపే తోట వేసుకున్నాయి. ఫ్రెంచిలో ఒక పేరు, జర్మన్‌లో ఒక పేరు, రెంటికీ అర్థం మాత్రం ఒక్కటే: రెండు ఒడ్ల తోట. గమనించండి, ఇందులో ఏ ఊరి పేరూ లేదు. పెద్ద ఊరి పేరు పెడితే చిన్న ఊరు దాని పెరటి తోట అయిపోతుంది, రెండు పేర్లూ అతికిస్తే ఏది ముందన్న దగ్గరే తగువు మొదలవుతుంది. మధ్యలో మార్క్ మిమ్రామ్ రూపకల్పన చేసిన నడక వంతెన. దాని రెండు దారులూ సరిగ్గా నది నడుమ ఒక చిన్న వేదిక దగ్గర కలుస్తాయి. అక్కడ నిలబడితే ఏ ఊళ్ళో ఉన్నామో చెప్పడం కష్టం. అయితే 2020లో కోవిడ్ వల్ల సరిహద్దు మూసినప్పుడు ఆ వంతెన కూడా మూతపడింది. పేరు ఉమ్మడిదైనా తాళాలు వేరు వేరు గుత్తుల్లోనే ఉంటాయన్నమాట.

మూడో దారిలో లండన్ దగ్గరి లీ వ్యాలీ పార్కు ఉంది. 1966లో పార్లమెంటు ఏకంగా చట్టమే చేసింది, ఆ మరుసటి ఏడాది సంస్థ ఏర్పడింది. నది వెంబడి 42 కిలోమీటర్లు, దాదాపు పదివేల ఎకరాలు, మొత్తానికి ప్రణాళిక చూసేది ఒకే సంస్థ. డబ్బు లండన్, ఎసెక్స్, హర్ట్‌ఫర్డ్‌షైర్ స్థానిక పన్నులనుంచి లెవీగా వస్తుంది. ఏటా ఎవరి దగ్గరా చేయి చాచనక్కర్లేదు, అది పెద్ద వరమే. కానీ ఆ పార్కు ముఖం చూడని దక్షిణ లండన్ వాళ్ళూ కట్టాలి కాబట్టి సణుగుడు తప్పలేదు. ఇంకో తమాషా: నది పేరు ఇంగ్లీషులో రెండు రకాలుగా రాస్తారు, ఇప్పటికీ రెండూ చలామణిలో ఉన్నాయి. పార్కు వాళ్ళు ఒకటి పట్టుకున్నారు. చట్టం ఉన్నా అక్షరాలు కుదరలేదు!

నన్నడిగితే రెండు మూడు ఊళ్ళకు రెండో దారే మేలు. పది ఊళ్ళు దాటి పోయే తీరమైతేనే మూడోదాని బరువు మోయడం గిట్టుబాటు. కాకపోతే రెండో దాంట్లో ఒక గొయ్యి ఉంది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు. ఎగువ ఊరి వాళ్ళు విసిరిన ప్లాస్టిక్ దిగువ ఊరి మెట్ల దగ్గర తేలుతుంది. దిగువ వాళ్ళు ఏరితే ఖర్చు వాళ్ళది, ఏరకపోతే చెడ్డపేరు ఇద్దరిదీ, ఎందుకంటే పేరు ఒకటే. అందుకే చెత్త ఎత్తేది ఎవరు, దీపం మాడితే ఎన్ని రోజుల్లో మార్చాలి, వరద తర్వాత బురద తీసే ఖర్చు ఏ లెక్కన పంచుకోవాలి, ఇవి కాగితం మీద రాసుకున్నాకే పేరు జోలికి పోవాలి.

నది శుభ్రపడేదాకా పేరు ఆగాలనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. జర్మనీలో రూర్ ప్రాంతపు ఎంషర్ నది బహిరంగంగా పారే మురుగు కాలువగా ఉన్నప్పుడే, 1989లో, రాష్ట్ర ప్రభుత్వం 17 ఊళ్ళను కలుపుకుని ఎంషర్ పార్కు అనే పేరు పెట్టి పని మొదలుపెట్టింది. నదిలో మురుగు కలవడం ఆగింది 2021 చివర్లో. పేరు ముందే లేకపోతే అన్నేళ్ళపాటు అన్ని ఊళ్ళు ఒకే పనిని పట్టుకుని ఉండేవా అన్నది నా అనుమానం.

ఇక లోగో పోటీలు, ప్రారంభోత్సవాలు తర్వాత చూసుకోవచ్చు. మొదటి ఖర్చు బోర్డు మీద పెట్టాలి. తెల్లగా వదిలేసిన చోట అవతలి ఊరి దారి, కిలోమీటర్లు, మంచినీళ్ళు ఎక్కడున్నాయో గీసి, రెండు ఊళ్ళలోనూ అదే బోర్డు నిలబెట్టాలి. దానికి చట్టం అక్కర్లేదు, రెండు ఆఫీసుల మధ్య ఒక ఉత్తరం చాలు.