చివర్న వచ్చినవాళ్లకి నీళ్లు మిగిలాయా?

వైజాగ్ బీచ్ రోడ్డులో ఆదివారం పొద్దున్న పెడుతున్న ఐదు కిలోమీటర్ల కమ్యూనిటీ రన్‌కి వెళ్లొచ్చాను. ముందు వరసలో దూసుకెళ్లేవాళ్లకి అక్కడ ఏం బాగుందో, ఏం బాలేదో నాకు తెలీదు. నేను చివరి వరస. అక్కణ్ణుంచి కనబడిందే రాస్తున్నాను.

నాది దొండపర్తిలో కర్రీ పాయింట్. పన్నెండింటికి వచ్చినవాళ్లకి మంచి పప్పు ఎవరైనా పోస్తారు. రెండున్నరకి వచ్చినవాళ్లకి ఏం పోస్తున్నామన్నదాంట్లోనే ఉంటుంది షాపు పరువు. ఈ రన్‌నీ ఆ లెక్కలోనే చూశాను.

పేరు ఇచ్చేముందు ఫోన్ చేసి అడిగాను, ఎంతసేపట్లో పూర్తి చెయ్యాలండీ అని. "మీరు నడిచొచ్చినా పర్లేదమ్మా, చివరి మనిషి వచ్చేదాకా ఎవరం కదలం" అన్నారు. ఫోన్లో అందరూ అలాగే అంటారులే అనుకున్నాను. ఎంట్రీ ఉచితం. టీషర్టు కావాలంటే 300. నేను తీసుకోలేదు. తీసుకున్నవాళ్లవి చూస్తే ఆడవాళ్ల సైజులే లేవు, భుజాలు మోచేతి దాకా జారుతున్నాయి.

కాళీమాత గుడి దగ్గర స్టార్ట్. ఆ టైముకి బీచ్ రోడ్డులో బళ్లు రానివ్వరు కాబట్టి స్కూటీ పాండురంగాపురం సందుల్లోనే పెట్టుకుని నడిచి రండి. నంబరు కాగితానికి నాలుగు పిన్నీసులు ఇవ్వాల్సింది రెండే ఇచ్చారు. గాలికి అది దారి పొడుగునా టపటపా కొట్టుకుంటూనే ఉంది. మీ పిన్నీసులు మీరు తెచ్చుకోండి. ఇక పరుగుకి ముందు ఒళ్లు వేడెక్కడానికని వేయించే డాన్సు, జుంబా! అంత పెద్ద సౌండు పెట్టి ఇరవై నిమిషాలు గెంతిస్తే నాలాంటి వాళ్ల ఓపిక అక్కడే సగం ఖర్చయిపోతుంది. దానివల్లే స్టార్టూ లేటయింది. వైజాగ్ ఎండలో పావుగంట అంటే చిన్న విషయం కాదు. పైగా మనూళ్లో చెమట పడుతుంది గానీ ఆరదు, గాల్లో అంత తేమ. వెళ్లేటప్పుడు సూర్యుడు సముద్రం మీంచి ఎదురుగానే కొడతాడు, టోపీ మర్చిపోవద్దు.

నచ్చింది ఏంటంటే, మెల్లగా వెళ్లేవాళ్లని వెనక నిలబెట్టి, మా వెనకాల ఒక వాలంటీరు కుర్రాణ్ణి పెట్టారు. అతను మమ్మల్ని దాటి ముందుకి వెళ్లకూడదు, అదే అతని డ్యూటీ. లండన్లో బుషీ పార్కులో 2004లో 13 మందితో మొదలైన పార్క్‌రన్ అనే వారంవారం ఉచిత పరుగులో కూడా ఇలాగే ఒక వాలంటీరు అందరికంటే వెనక నడుస్తారట. అందుకని చివరి స్థానం ఎప్పుడూ వాలంటీర్‌దే, వచ్చినవాళ్లది కాదు. ఈ ఏర్పాటు ఎవరు ఆలోచించారో గానీ వాళ్లకి దణ్ణం పెట్టాలి.

విక్టరీ ఎట్ సీ యుద్ధ స్మారకం దాటేసరికి నాకు ఆయాసం మొదలైంది. "ఆంటీ, నాతో మాట్లాడుతూ పరిగెత్తండి. మాట తెగుతుందంటే స్పీడెక్కువైనట్టు, నడిచేయండి" అన్నాడు ఆ వాలంటీరు కుర్రాడు. ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక అని వాచీ చూసి చెప్పాడు. 1972 ఒలింపిక్స్‌లో పరిగెత్తిన జెఫ్ గాలోవే అనే అమెరికా ఆయన కొత్తవాళ్లకి నేర్పించిన పద్ధతి అట ఇది. కిటుకల్లా అలిసిపోయాక కాకుండా ముందు నుంచే నడవడంలో ఉంది. మాట్లాడమన్నాడు కదా అని గోంగూర చికెన్ ఎలా వండుతానో మొత్తం చెప్పాను. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర మొదలుపెడితే పార్క్ హోటల్ దాకా సరిపోయింది. ఉల్లిపాయలు వేగేచోట రెండుసార్లు నడిచాం.

అసలు పరీక్ష తిరుగు మలుపు దగ్గర. మా షాపుకొచ్చే ఒకావిడ ఇంకెక్కడో పెద్ద రన్‌కి వెళ్తే, ఆవిడ చేరేసరికి నీళ్ల బల్లలు మడిచి వ్యాన్‌లో ఎక్కించేస్తున్నారట. ఇక్కడ క్యాన్లో నీళ్లున్నాయి, గ్లాసులున్నాయి, ఓఆర్ఎస్ కలిపిన జగ్గుకి మూత పెట్టి ఉంచారు. పోసే అమ్మాయి కుర్చీలోంచి లేచి నాలుగడుగులు ఎదురొచ్చి ఇచ్చింది. నీళ్లు చల్లగా లేవు. అయితేనేం, ఉన్నాయి.

ఫినిష్‌లో గాలి నింపిన ఆర్చి ఇంకా దింపలేదు. మైకులో నా నంబరు చదివారు. యాభై నిమిషాల పైచిలుకు పట్టింది. నాతోపాటే చివరి వరసలో ఉన్న ఒక పెద్దాయన, ఆయన మనవరాలు నా వెనకే వచ్చారు, వాళ్లకీ అంతే చప్పట్లు. అరటిపళ్లు మచ్చలు పడ్డవే మిగిలాయి గానీ తియ్యగా ఉన్నాయి. ఉప్మా విషయంలో మాత్రం ఊరుకోలేను, అది గడ్డకట్టింది. ఆ టైముకి అలాగే అవుతుంది, నూనె తక్కువ వేసి ముందే కలిపేస్తే. ఇడ్లీ పెట్టుకుంటే చివరిదాకా మెత్తగా ఉంటుంది కదండీ.

సర్టిఫికెట్ వాట్సాప్‌లో వచ్చింది, నా ఇంటిపేరు తప్పు. దాన్ని వదిలేస్తాను. వదలనిది టాయిలెట్ల సంగతి. అంతమందికి ఒక్క మొబైల్ టాయిలెట్టు, అందులో మగ్గు లేదు. మగవాళ్లు నిర్వాహకులైతే ఇదే తంతు. ఆడవాళ్లు పొద్దున్న నాలుగింటికి లేచి, పిల్లలకి టిఫిన్ చేసి పెట్టి వస్తారు, ఇంకో రెండు పెట్టించండి బాబూ.

ఐదుకి నాలుగిస్తాను. కోసిన ఆ ఒక్కటీ టాయిలెట్లకే. బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి రండి. ఖరీదైన బూట్లు అక్కర్లేదు, నేను మామూలు స్పోర్ట్స్ షూతోనే వెళ్లాను, కొత్తవి మాత్రం ఆ రోజే వేసుకోవద్దు. మా వాలంటీరు నేవీ మారథాన్‌లో కూడా ఐదు కిలోమీటర్లది ఉంటుంది, పేరివ్వమంటున్నాడు. ఆదివారం షాపు ఎవరు తెరుస్తారో తేలాక చూడాలి.