ద్వారకానగర్ వరల్డ్ హిస్టరీ వీకెండ్ బ్యాచ్: క్లాసుకి వెళ్లండి, మెటీరియల్ కొనకండి

సివిల్స్‌లో హిస్టరీ ఆప్షనల్ తీసుకుని వైజాగ్‌లోనే ఉండి చదువుకునేవాళ్ల కోసం ఇది. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో శని, ఆదివారాలు నడిచే వరల్డ్ హిస్టరీ బ్యాచ్ గురించి రాస్తున్నా, పేరు మాత్రం రాయడం లేదు. అది కూడా మొత్తం కోర్సు గురించి కాదు, 1800 నుంచి 1840 దాకా అమెరికా భాగం గురించే, ఎందుకంటే మిగతాదంతా ఎక్కడైనా దొరికేదే.

మామూలుగా ఈ నలభై ఏళ్లని ఎవరూ పట్టించుకోరు. స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం రాసుకున్నారు, ఇక సివిల్ వార్ అని దూకేస్తారు. ఇక్కడి సీనియర్ సార్ మాత్రం బోర్డు మీద న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ, బఫెలో ఊళ్లకి రెండు చుక్కలు పెట్టి, మధ్యలో గీత గీసి, క్లాసంతా ఆ గీత మీదే నడిపారు. అది ఈరీ కాలువ. 1817లో తవ్వడం మొదలుపెట్టి 1825కి పూర్తి చేశారు, పొడవు 363 మైళ్లు, దారిలో 83 లాకులు, లోతు చూస్తే నాలుగు అడుగులే, గట్టు మీద గుర్రాలో కంచరగాడిదలో నడుస్తూ పడవని లాక్కెళ్లేవి. ఖర్చు సుమారు 70 లక్షల డాలర్లు. కేంద్రం ఏమీ ఇవ్వలేదు, రోడ్లకీ కాలువలకీ డబ్బిచ్చే బిల్లుని అధ్యక్షుడు మాడిసన్ పదవి దిగిపోయే ముందు వీటో చేసి వెళ్లాడు, దాంతో న్యూయార్క్ రాష్ట్రమే అప్పు తెచ్చి తవ్వించుకుంది. అప్పట్లో జనం ఆ కాలువని 'క్లింటన్ గుంత' అంటూ గవర్నర్ క్లింటన్‌ని ఏడిపించారు. నీళ్లు వదిలాక బఫెలో నుంచి న్యూయార్క్‌కి టన్ను సరుకు కిరాయి దాదాపు 100 డాలర్ల నుంచి పది డాలర్ల దగ్గరికి పడిపోయింది, ఇక ఎవరూ నవ్వలేదు.

కిరాయి తగ్గితే ఏమవుతుంది అని సార్ అడిగితే క్లాసంతా బిక్కమొహం. అప్పుడాయన, కేకే లైను (కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం) పడకపోతే బైలదిల్లా ఇనుప ఖనిజం మన పోర్టు దాకా ఎలా వచ్చేదిరా అన్నారు. గాజువాక కుర్రాళ్లకి ఒక్క దెబ్బకి ఎక్కేసింది. అంతకుముందు లోపలి ప్రాంతాల రైతులు ధాన్యం పంపితే కిరాయికే సరిపోతుందని విస్కీ కాచి పంపేవాళ్లట, ఇప్పుడు గోధుమలే నేరుగా న్యూయార్క్ రేవుకి వచ్చాయి. అక్కడి నుంచి సార్ వాల్తామ్ బట్టల మిల్లు కథకి వెళ్లారు. 1814లో వడకడం, నేయడం రెండూ ఒకే కప్పు కింద పెట్టారు, తర్వాత లోవెల్ ఊరు వెలిసింది, పల్లెల నుంచి ఆడపిల్లలు వచ్చి పనిచేశారు, 1834లో కూలి తగ్గిస్తామంటే పని ఆపి బయటికి వచ్చేశారు కూడా. మిల్లు ఉత్తరాదిది, పత్తి దక్షిణాదిలో బానిసలు పండించినది. సివిల్ వార్ జవాబులో మార్కులు ఇక్కడే ఉన్నాయి.

రాజకీయాలు చెప్పడానికి వేరే ఫ్యాకల్టీ వచ్చారు, అక్కడే జారిపోయింది. 1824 అధ్యక్ష ఎన్నికల్లో జాక్సన్‌కి 99 ఎలక్టోరల్ ఓట్లు, ఆడమ్స్‌కి 84, సగానికి మించి ఎవరికీ రాక ప్రతినిధుల సభ ఆడమ్స్‌ని ఎన్నుకోవడం, 1828లో జాక్సన్ గెలిచి పగ తీర్చుకోవడం, ఇదంతా సినిమా కథలా బాగానే చెప్పారు, విజిల్ ఒక్కటే తక్కువ. కానీ ఆ జాక్సనే 1830లో కెంటకీలోని మేస్‌విల్ రోడ్డుకి డబ్బు ఇవ్వనని వీటో చేశాడని, అది ఒక్క రాష్ట్రం లోపలి రోడ్డు కాబట్టి కేంద్రానికి పనిలేదన్నాడని చెప్పనే లేదు. ముందు క్లాసులో మాడిసన్ వీటో విన్నవాళ్లకి ఎంత చక్కగా అతికేది! 1828 టారిఫ్‌తో, అంటే దిగుమతి సుంకంతో, మిల్లులున్న ఉత్తరాదికి లాభమని దక్షిణాది మండిపడటం, 1832లో సౌత్ కరోలినా ఆ పన్ను మా దగ్గర చెల్లదనడం, వీటికి 'ఇంట్లో చదువుకోండి' అన్నారు. ఇంట్లో చదువుకోవడానికైతే ఫీజు ఎందుకండీ.

మెటీరియల్ సంగతి ఇంకా ఘోరం. మొదటి ఆవిరి పడవ 1807లో ఫుల్టన్‌దే అని అచ్చేశారు. హడ్సన్ నదిలో 150 మైళ్లు 32 గంటల్లో వెళ్లి దాన్ని లాభసాటి వ్యాపారం చేసినవాడు ఆయన, నిజమే, కానీ జాన్ ఫిచ్ 1787లోనే డెలావేర్ నదిలో ఆవిరి పడవ నడిపి చూపించాడు. ఇంకోచోట 'జాక్సన్ కాలానికి అందరికీ ఓటు హక్కు' అని రాసి కింద గీత కూడా గీశారు. ఎవరందరికీ? ఆడవాళ్లకి లేదు. న్యూయార్క్ 1821 రాజ్యాంగంలో తెల్ల మగవాళ్లకి భూమి ఉండాలన్న షరతు తీసేసి, నల్లవాళ్లకి మాత్రం 250 డాలర్ల ఆస్తి ఉంటేనే ఓటు అన్నారు. ఈ వాక్యం బట్టీ పట్టి మెయిన్స్‌లో రాస్తే గోవిందా.

ఏసీ బాగానే పనిచేస్తుంది, వెనక బెంచీలకి మైకు సరిగా వినపడదు. తెలుగు మీడియం వాళ్లకి హ్యాండవుట్లు ఉన్నాయి, భాష మెషీన్ చేసినట్టు ఉంటుంది కానీ పని జరుగుతుంది. టెస్ట్ పేపర్లు దిద్ది ఇవ్వడానికి వారాలు పట్టింది, గట్టిగా అడిగితేనే కదిలారు.

చేరేముందు అమెరికా పాఠాలు పూర్తిగా సీనియర్ సారే చెబుతారా అని అడగండి. మెటీరియల్ వద్దు, క్లాసులు చాలు అంటే కౌంటర్లో మొదట కుదరదంటారు, కాసేపు నిలబడితే ఆ డబ్బు తగ్గించి రసీదు ఇస్తారు.