ఏడేళ్లుగా మా ఇంట్లో సర్జ్ ప్రొటెక్టర్: అసలు సంగతంతా లోపలి బిళ్లలోనే

2018లో ఇల్లు కట్టినప్పుడు డీబీ బాక్సులో (ఇంటికొచ్చే కరెంటుని గదులకి పంచే పెట్టె) సర్జ్ ప్రొటెక్టర్, అంటే పిడుగులప్పుడు వైర్లలో ఒక్కసారిగా ఎగిరే వోల్టేజీ దెబ్బని కాసే పరికరం, పెట్టించాను. టీవీ దగ్గర మాత్రం అదే పని చేసే ప్లగ్ బోర్డు, చవకలో వచ్చిన స్పైక్ బస్టర్‌తో సరిపెట్టాను. మాది శ్రీకాకుళం వైపు, ఎండాకాలం చివర్లో పిడుగులు ఎక్కువ.

రెండో ఏడాదే చెరువు గట్టు మీది తాటిచెట్టుపై పిడుగు పడింది, అదే క్షణంలో టీవీ వెనక టప్‌మని పేలిన చప్పుడు, కాలిన వాసన. టీవీకి ఏమీ కాలేదు. స్పైక్ బస్టర్ విప్పి చూస్తే చిటికెన వేలి గోరంత నీలం బిళ్ల (వేరిస్టర్ అంటారు, దెబ్బని కాసేది ఇదే), నడిమికి చీలి చుట్టూ మసి. మీద 10డి471 అని ఉంది, అంటే 10 మిల్లీమీటర్ల బిళ్ల, 470 వోల్టుల దగ్గర కరెంటుని తనగుండా పోనివ్వడం మొదలుపెడుతుంది. బిళ్ల పెద్దదైతే పెద్ద దెబ్బకి తట్టుకుంటుంది కాబట్టి, ఇప్పుడు 20 మిల్లీమీటర్ల బిళ్ల ఉందో లేదో అడిగి మరీ కొంటున్నాను.

ఈ బిళ్ల పింగాణీ లాంటిదే. జింక్ ఆక్సైడ్ పొడిలో కొద్దిగా బిస్మత్, కోబాల్ట్, మాంగనీస్ ఆక్సైడ్లు కలిపి కాలుస్తారు. రేణువుకీ రేణువుకీ మధ్య ఉన్న ఒక్కో సరిహద్దు సుమారు 3 వోల్టులు ఆపుతుంది కాబట్టి, 470 వోల్టులకి నూట యాభై దాకా సరిహద్దులు వరసగా కావాలి. రేణువులు అన్నిచోట్లా ఒకే సైజులో లేకపోతే కరెంటంతా ఒకచోటికే దూసుకొచ్చి అక్కడే చిల్లు పడుతుంది. నాణ్యత అంటే ఇదే. పాత అరెస్టర్లలోని (కరెంటు లైన్లని పిడుగుల నుంచి కాపాడే పరికరాలు) సిలికాన్ కార్బైడ్ బిళ్లలు మామూలు వోల్టేజీకే కరెంటు లీక్ చేసేవి కాబట్టి వరసలో గాలి ఖాళీ పెట్టాల్సి వచ్చేది. 1960ల చివర్లో జపాన్‌లోని మత్సుషిత కంపెనీలో మిచియో మత్సుఓకా జింక్ ఆక్సైడ్‌తో ఆ బాధ తప్పించారు.

డీబీలోది ఐదేళ్ల పిడుగులకి నిలబడి, 2023లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగిన రోజు పోయింది. ఇంట్లోకి 230 బదులు దాదాపు 400 వోల్టులు వచ్చేసరికి లోపలి థర్మల్ కట్ఆఫ్ (బాగా వేడెక్కితే తెంచేసేది) బిళ్లని లైనులోంచి తప్పించింది, పచ్చ గుర్తు ఎర్రగా మారింది. ఫ్రిజ్ బోర్డు మాత్రం కాలిపోయింది, చాలా బాధేసింది. ఈ బిళ్ల పని క్షణంలో వచ్చిపోయే దెబ్బని కాయడం, నిమిషాల తరబడి ఎక్కే వోల్టేజీని కాదు. దానికి వోల్టేజీ ఎక్కువైతే ఇంటికి కరెంటు ఆపేసే ఓవర్ వోల్టేజ్ రిలే వేరే పెట్టించుకోవాలి, నేను ఆలస్యంగా పెట్టించాను.

సర్జ్ ప్రొటెక్టర్ మొత్తం మార్చక్కర్లేదు, బిళ్ల ఉండే కార్ట్రిడ్జ్ ఒక్కటి లాగి కొత్తది గుచ్చితే సరిపోయింది. దెబ్బ నేలలోకి పోవాలంటే ఎర్తింగ్ బాగుండాలి, ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి. మొన్న మార్చిలో ఎర్త్ గుంత ఎండిపోతే నాలుగు బిందెల నీళ్లు పోశాను.