వైజాగ్ ఎత్తుపల్లాలకు ఏ ఆటోమేటిక్ మేలు?

కారు కొనాలనుకునేవాళ్లు ముందు మైలేజీ అడుగుతారు, తర్వాత సన్‌రూఫ్ అడుగుతారు. గేర్‌బాక్స్ సంగతి వచ్చేసరికి "ఆటోమేటిక్ తీసుకుందామనుకుంటున్నాం" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఏలూరులోనో భీమవరంలోనో అయితే ఆ మాట సరిపోతుందేమో. వైజాగ్‌లో సరిపోదు. వాల్తేరు అప్‌ల్యాండ్స్ నుంచి బీచ్ రోడ్డుకి దిగాలన్నా, సింహాచలం కొండెక్కాలన్నా, యారాడ వెళ్లాలన్నా ఇక్కడ ఎత్తో పల్లమో తప్పదు.

ఆటోమేటిక్‌లలో ఏఎంటీ, టార్క్ కన్వర్టర్, సీవీటీ, డీసీటీ అని ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి. కంపెనీలు వీటికి తలో పేరు పెట్టి అమ్ముతాయి. మారుతి ఏఎంటీని ఏజీఎస్ అంటుంది, టాటా డీసీటీని డీసీఏ అంటుంది. లక్షలు పోసి కొనేవాళ్లకి లోపల ఏముందో బ్రోచర్ మొదటి పేజీలోనే చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

అందరికీ అందుబాటులో ఉన్నది ఏఎంటీ. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో ఇది జనంలోకి వచ్చింది. నిజానికి ఇది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. మన కాలూ చెయ్యీ చేసే పనిని యాక్చువేటర్లనే చిన్న యంత్రాలు చేస్తాయి, అంతే. అందుకే ధర తక్కువ, మైలేజీ కూడా బాగుంటుంది. సాయంత్రం మద్దిలపాలెం, గాజువాక ట్రాఫిక్‌లో ఎడమకాలికి ప్రాణం లేచొస్తుంది.

చిక్కంతా కొండ మీదే. సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే ముందు బస్సు ఆగింది, మీరూ ఆగారు. బస్సు కదిలాక బ్రేకు వదిలారు. హిల్ హోల్డ్ ఉంటే రెండు మూడు సెకన్లు కారు నిలబడుతుంది. లేకపోతే క్లచ్ పట్టుకునేలోపే వెనక్కి జారుతుంది. వెనకేమో బైకు బంపర్‌కి ఆనుకుని ఉంటుంది. ఆ టెన్షన్‌లో చాలామంది బ్రేకు మీద కాకుండా యాక్సిలరేటర్ మీదే కారుని నిలబెడతారు. అప్పుడు లోపల క్లచ్ రాసుకుని వేడెక్కుతుంది, కాసేపటికి మాడు వాసన వస్తుంది. అలా కాకుండా హ్యాండ్‌బ్రేక్ వేసి, యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి, కారు ముందుకి లాగుతున్నట్టు తెలిశాక హ్యాండ్‌బ్రేక్ వదలాలి. అమ్మేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పి పంపితే ఎన్నో క్లచ్‌లు బతుకుతాయి.

టార్క్ కన్వర్టర్‌తో ఈ గొడవ చాలావరకు ఉండదు. కారు కదిలేటప్పుడు ఇంజిన్‌ బలం నూనె ద్వారా గేర్‌బాక్స్‌కి చేరుతుంది. ఒక ఫ్యాను గాలికి ఎదురుగా ఉన్న ఇంకో ఫ్యాను తిరిగినట్టన్నమాట. బ్రేకు వదలగానే కారు మెల్లగా ముందుకే పాకుతుంది, చిన్న వాలు మీద దానంతట అదే నిలబడుతుంది. 2022 నుంచి మారుతి బ్రెజాలో, తర్వాత వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓలో, స్కోడా కైలాక్‌లో 6 స్పీడ్‌ది ఇస్తున్నారు. ఏఎంటీ కంటే ధర ఎక్కువ, పెట్రోలూ కొంచెం ఎక్కువ తాగుతుంది. అయినా పెద్దవాళ్లని కూర్చోబెట్టుకుని కొండలెక్కే ఇంటికి ఆ అదనపు డబ్బు దండగ కాదు.

విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే సీవీటీ ఊళ్లో వెన్నలా పోతుంది. ఘాట్‌లో గట్టిగా తొక్కితే మాత్రం ముందు ఇంజిన్ అరుస్తుంది, వేగం తర్వాత వస్తుంది. నాకు అది పడదు.

రెండు క్లచ్‌లుండే డీసీటీ అంటే నాకు ప్రాణం. ఆనందపురం దాటి హైవే మీద గేర్లు పడే వేగం చూస్తే దిగబుద్ధి కాదు. కానీ క్లచ్ నూనెలో మునగని డ్రై క్లచ్ రకం అయితే అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. రోజూ ఎన్ఏడీ జంక్షన్ మీదుగా ఆఫీసుకి వెళ్లేవాళ్లకి నేను చెప్పను. 2021లో ఫోక్స్‌వ్యాగన్ టైగున్ వచ్చినప్పుడు 1.0 లీటర్ ఇంజిన్‌కి టార్క్ కన్వర్టర్, 1.5 లీటర్‌కి డీసీటీ ఇచ్చారు. మనసు రెండోదాని మీదే ఉన్నా, వైజాగ్ ఇంటికి మొదటిదే మేలంటాను.

ఎక్కడం గురించే అందరూ ఆలోచిస్తారు గానీ, అసలు పరీక్ష దిగేటప్పుడు. అరకు నుంచి అనంతగిరి మీదుగా శృంగవరపుకోట వైపు దిగుతూ లివర్‌ని డీ (డ్రైవ్)లోనే వదిలేస్తే గేర్‌బాక్స్ పై గేరుకి వెళ్లిపోతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకులు బాగా కాలితే ఎంత తొక్కినా పట్టు తగ్గుతుంది. మాన్యువల్ మోడ్‌లో రెండో గేరో మూడో గేరో పెట్టి ఇంజిన్‌తోనే ఆపుకుంటూ దిగాలి. అందుకని ఏ రకం తీసుకున్నా మాన్యువల్ మోడ్ ఉందో లేదో చూడండి. ఈ ఒక్క విషయంలో ఎలక్ట్రిక్ కారు అన్నింటికంటే ముందుంది. దిగేటప్పుడు మోటారే కారుని పట్టి ఉంచి బ్యాటరీకి కొంత చార్జ్ తిరిగి ఇస్తుంది. ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకునే వీలుంటే దాన్నీ లెక్కలోకి తీసుకోవాల్సిందే.

బడ్జెట్ బిగువుగా ఉంటే హిల్ హోల్డ్ ఉన్న ఏఎంటీ, ఇంకో లక్ష పెట్టగలిగితే టార్క్ కన్వర్టర్. గేరు మార్చడమే ఇష్టమైతే మాన్యువల్‌కి మించింది లేదు. ఏది అనుకున్నా టెస్ట్ డ్రైవ్‌కి చదును రోడ్డు మీద తీసుకెళ్తే ఒప్పుకోవద్దు. వాలు రోడ్డుకి పోనివ్వమనండి, ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని ఏసీ వేసి సగం ఎత్తులో ఆపి మళ్లీ కదపండి. సేల్స్ అబ్బాయి కుదరదంటే ఇంకో షోరూమ్‌లో అడగండి.