టైరాడ్ పుల్లర్: ఉప్పుగాలి తిన్న పాత మారుతీలకు కొనొచ్చా?

శ్రీకాకుళం తీరాన కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు తిరిగే పాత 800నో ఆల్టోనో జాకీ ఎక్కించి కింద లైటు వేస్తే బోల్టు తల ఏదో, తుప్పు పెచ్చు ఏదో పోల్చుకోవడం కష్టం. చేపల ట్రేలు మోసిన ఓమ్నీల సంగతి చెప్పక్కర్లేదు. ఐసు కరిగిన ఉప్పునీళ్లు ఫ్లోరు సందుల్లోంచి వెనక కమాను కట్టల మీదికే కారతాయి. ఇలాంటి బండికి టైరాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చివర చక్రం వైపు ఉండే కీలు), లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే చెయ్యి) మార్చాలనుకునేవాళ్లు మొదట వెతికేది, బిగుసుకున్న కీలును నొక్కి విడదీసే ఈ పుల్లర్‌నే. కొనొచ్చు. కాకపోతే అది దేనికి పనికొస్తుందో, దేనికి రాదో ముందే తెలిసుండాలి.

మార్కెట్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి మొత్తం ఒకే దిమ్మ, మధ్యలో మర బోల్టు. రెండోది కత్తెరలా రెండు దవడలు, మధ్యలో పిన్ను. పిన్ను బెజ్జం మార్చి ఎత్తు సర్దుకోవచ్చు. చిన్న కార్లకు కత్తెర రకమే మేలు. దాని సన్నటి దవడ నకిల్‌కీ (చక్రాన్ని మోసే ఇనుప దిమ్మ), ఎండ్ మీది రబ్బరు బూటుకీ (తొడుగు) మధ్య సందులో దూరుతుంది. నోరు 19, 20 మి.మీ. ఉంటే సరిపోతుంది. రెండు కొమ్ముల ఫోర్కు పెట్టి సుత్తితో కొట్టే పద్ధతిలో ఎండ్ ఊడొస్తుంది గానీ బూటు చిరుగుతుంది. పాత ఎండ్ ఎలాగూ పారేసేదే అయితే ఫర్వాలేదు, మళ్లీ అదే బిగించాలంటే మాత్రం పుల్లరే వాడాలి.

వాడే తీరు ఇదీ. నట్టుకు అడ్డంగా ఉండే స్ప్లిట్ పిన్ తీసి, మరలన్నీ వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, నట్టును పూర్తిగా తియ్యకుండా స్టడ్ (ఎండ్ నుంచి నకిల్‌లోకి దూరే మర కడ్డీ) కొసతో సమానంగా ఉండేదాకా మాత్రమే వదులు చెయ్యాలి. దీంతో స్టడ్ కొస చిట్లదు, టేపరు (స్టడ్‌లో కొసవైపు సన్నబడుతూ నకిల్ కన్నంలో బిగుసుకునే భాగం) ఒక్కసారిగా వదిలినప్పుడు ఎండ్ ఎగిరి పడదు. పుల్లర్ మరకు గ్రీజు రాసి, దాని మొన సరిగ్గా స్టడ్ మధ్యలో ఆనేలా పెట్టాలి. పక్కకు ఆనితే జారిపోతుంది. గట్టిగా బిగుసుకున్నాక ఇక తిప్పడం ఆపి, టేపరు కూర్చున్న నకిల్ కన్నం పక్క మీద సుత్తితో రెండు దెబ్బలు వెయ్యాలి. టక్‌మని చప్పుడొస్తే వదిలినట్టే. రాకపోతే ఇంకో పావు చుట్టు బిగించి మళ్లీ కొట్టాలి. పుల్లర్ ఒక్కదానితోనే లాగేద్దామని పైపు తగిలించి తిప్పితే దవడ తెరుచుకుంటుంది, లేదా మొన చిట్లుతుంది. చవక పుల్లర్లు పాడయ్యేది ఎక్కువగా ఇలాగే.

ఎండ్ తీసేముందు లాక్ నట్టు దగ్గర పెయింటు గుర్తు పెట్టి, విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టండి. కొత్తది అన్నే చుట్లు ఎక్కిస్తే అలైన్‌మెంట్ షాపు దాకా బండి తిన్నగా వెళ్తుంది.

చాలామంది డబ్బు పోగొట్టుకునేది లోయర్ ఆర్మ్ దగ్గర. ఈ మారుతీల్లో ఆర్మ్ బాల్ జాయింట్‌ది (ఆర్మ్ కొసన ఉండే గుండు కీలు) టేపరు కాదు. స్టడ్ నకిల్ కన్నంలో కూర్చుంటుంది, పక్కనుంచి ఒక బోల్టు దాన్ని నొక్కి పడుతుంది. అక్కడ పుల్లర్‌కు పనే లేదు. ఆ బోల్టు స్టడ్ మీది గాడిలోంచి పోతుంది కాబట్టి వదులు చేస్తే చాలదు, బయటికి లాగెయ్యాల్సిందే. లోపలే ఉంచి ఎంత కొట్టినా ఆర్మ్ దిగదు, నకిల్ చెవి పగులుతుంది. బోల్టు తీశాక చీలికలో స్ప్రే కొట్టి, వెడల్పాటి ఉలి మెల్లగా దించి, పొడుగు రాడ్డుతో ఆర్మ్‌ని కిందికి అదమాలి. చీలిక కాస్త తెరుచుకుంటే చాలు.

స్ప్రే సంగతీ చెప్పుకోవాలి. డబ్ల్యూడీ-40 పేరులోని డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, తడిని తోసెయ్యడం. తుప్పులోకి ఇంకడానికి అదే కంపెనీ పెనెట్రెంట్ విడిగా అమ్ముతుంది. ఏది వాడినా కొట్టిన ఐదు నిమిషాలకే స్పానర్ వెయ్యకండి. ముందురోజు సాయంత్రం ఒకసారి, రాత్రి ఒకసారి, పొద్దున్న ఒకసారి కొట్టి, మధ్యమధ్య బోల్టు తల మీద సుత్తితో తట్టాలి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే మరలు అలా బిగుసుకుంటాయి. తట్టినప్పుడు ఆ పొర పగిలితేనే నూనె లోపలికి దిగుతుంది.

ఆర్మ్‌ని బండికి కలిపే రబ్బరు బుష్ బోల్టు దగ్గర స్ప్రే కూడా చేతులెత్తేస్తుంది. నట్టు వస్తుంది, బోల్టు రాదు. తిప్పితే బుష్ లోపలి ఇనుప గొట్టంతో కలిసి తిరిగి, రబ్బరు మెలిపడి వెనక్కి లాగుతుంది. గొట్టం పొడుగునా తుప్పు పట్టేసింది కాబట్టి నూనె రెండు కొసల దగ్గరే ఆగిపోతుంది. కుస్తీ పట్టకుండా 4 అంగుళాల గ్రైండర్‌కు 1 మి.మీ. కటింగ్ డిస్కు పెట్టి, బుష్‌కీ బ్రాకెట్‌కీ మధ్య రెండు పక్కలా కోసెయ్యడమే దారి. గ్యాస్ మంట పెడితే రబ్బరు అంటుకుంటుంది. బ్రేక్ హోసు, పెట్రోలు పైపు దగ్గరున్న చోట ఆ ఆలోచనే వద్దు. కోసే ముందే కొత్త బోల్టు, నట్టు తెచ్చి పెట్టుకోండి. 10.9 గ్రేడు (గట్టిదనం చెప్పే అంకె) బోల్టు తీసిన చోట హార్డ్‌వేర్ కొట్టు మామూలు బోల్టు వెయ్యకూడదు. గ్రేడు తల మీదే ఉంటుంది, తుప్పు గీకి చూడండి.

బిగించేటప్పుడు బోల్టు నడుముకు పల్చగా గ్రీజు రాస్తే మళ్లీసారి గ్రైండర్ అక్కర్లేదు. టైరాడ్ టేపరుకు మాత్రం రాయకూడదు, అది పొడిగానే కూర్చోవాలి. బుష్ బోల్టు ఆఖరి బిగింపు చక్రాలు నేల మీద ఆని, బండి బరువు పడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే బుష్ మెలికతోనే ఉండిపోయి, కొత్త రబ్బరు కూడా త్వరగా చిరుగుతుంది.